స్కన్నాపియెకో వారి కోడలు

నరసాపురం నుంచి ఈ దేశం వచ్చి, మా గ్వెల్ఫ్ ఊళ్ళో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో చేరిన అబిగేల్, అక్కడే పనిచేసే మార్కో స్కన్నాపియెకోను పెళ్ళి చేసుకుంది. ఆ ఇంటిపేరుకు మా తెలుగు చర్చి పాస్టరుగారి నోరు తిరగలేదు. గొర్రెల పీకలు కోసేవాడని దానికి అర్థమట. తెలిసి సంఘంలో అందరం నవ్వుకున్నాం. అబిగేల్ కూడా నవ్వింది. వాళ్ళ నాన్న సంతోషంగారిది నరసాపురంలో మటన్ కొట్టే మరి.

మామగారు నున్జియోకు మాత్రం అది నవ్వులాట కాదు. ఇటలీలో, సాలెర్నో పైకొండల్లో, భూస్వామి కొరడాతో కొట్టాడన్న కసితో వాళ్ళ పూర్వీకుడొకడు ఒక్క రాత్రిలో అతని మందనంతా కోసి పారేశాడట. తెల్లారేసరికి వాగు ఎర్రగా పారిందట. ఊరు భయపడి పెట్టిన పేరది. నిజమెంతో దేవుడికెరుక. మనకు ఇంటిపేరు పుట్టగానే అంటుకుంటుంది. ఆ ఇంట్లో అలా కుదరదు. పదహారో ఏడు నిండాక, ఈస్టరు ముందు, చుట్టాల ఫారంలో గొర్రెపిల్లను సొంత చేత్తో కోస్తేనే ఆ పేరుకు వారసులు.

ఆ వయసులో మార్కో కోయనని కత్తి కింద పెట్టేశాడు. నున్జియో కొడుకును ట్రక్కు దాకా లాక్కెళ్ళి, కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి మూశాడు. రెండు వేళ్ళు ఈనాటికీ చాపలేడు. ప్రార్థనలో ఆ చేతిని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మొన్న ఈస్టరుకు వాళ్ళమ్మాయి టీనాకు పదహారు నిండాయి. వెళ్ళొద్దని అబిగేల్ ఎంత మొత్తుకున్నా మార్కో వినలేదు. ఇంత వయసొచ్చినా తండ్రంటే అతనికి వణుకే.

ఫారంలో కొట్టం ముందు గొర్రెపిల్లను గుంజకు కట్టారు. నున్జియో మనవరాలికి కత్తి అందించాడు.

"నో, నొన్నో. ఐ వోంట్," అంది టీనా. తాతను వాళ్ళలాగే నొన్నో అని పిలుస్తుంది.

నున్జియో చెయ్యి తిప్పి మూతి మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లి పిల్ల కోటు మీద రక్తం కారింది. రెండో దెబ్బకు చెయ్యి లేచేసరికి మార్కో తండ్రి మెడ పట్టుకుని గోడకేసి బాదాడు. ఒకసారి కాదు. ముసలాయన తెల్లజుట్టు రక్తంతో తడిసింది. కిందపడ్డ కత్తిని మార్కో ఎప్పుడు తీశాడో ఎవరూ చూడలేదు. మొన ఆయన గొంతులో దిగబోతోంది. ఇంకొంచెం నొక్కితే మామ మట్టికి, మొగుడు జైలుకు. అబిగేల్ రెండు చేతులతో మార్కో మణికట్టు పట్టుకుని వేలాడింది. ఆమె బలం చాలలేదు.

అప్పుడు నున్జియో నవ్వాడు.

"ఇన్నాళ్ళకు నా ఇంటిపేరు నిలబెట్టావురా," అన్నాడు వాళ్ళ భాషలో. ఇన్నేళ్ళ కాపురంలో అబిగేల్‌కు ఆ మాత్రం అర్థమవుతుంది.

"గొంతు మీద కత్తి ఉంటే నవ్వాడు ఆంటీ," అని నాతో చెప్పింది.

మార్కో చేతిలోంచి కత్తి జారిపోయింది. అబిగేల్ దాన్ని తీసుకుని గొర్రెపిల్ల తాడు తెంపేసింది. తర్వాత మామగారికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"మా నాన్న రోజూ గొర్రెలు కోసేవాడు. చేతులు కడుక్కోకుండా మమ్మల్ని ఏనాడూ ముట్టుకోలేదు."

నున్జియో తలకు కుట్లు పడ్డాయి, బతికాడు. ఇంటికొచ్చాక మార్కో వంటింటి సింకు దగ్గర నిలబడి చేతులు కడుగుతూనే ఉన్నాడు. రక్తం ఎప్పుడో పోయింది. చివరకు టీనా వాచిన పెదవితో వచ్చి, కుళాయి కట్టేసి, ఆ వంకర వేళ్ళను టవలుతో తుడిచింది.