జెయింట్ వీల్‌లో అందరూ ఒకేవైపు

తిరిగేది ఏదైనా కనిపిస్తే, ఎక్కేముందు నేను దాని చుట్టూ ఒకసారి తిరుగుతాను. ఫ్యాక్టరీలో క్రేన్లూ కన్వేయర్లూ చూసుకునే ఉద్యోగం నాది, అలవాటైపోయింది. కోటబొమ్మాళికి అవతల అక్కవాళ్ల ఊళ్లో అమ్మవారి సంబరాలకు వెళ్లినప్పుడు కూడా అదే చేశాను. వరి కోసేసిన మళ్లలో జెయింట్ వీల్ నిలబెట్టారు. స్తంభాల కింద వేసిన దుంగలు నేలలోకి కుంగలేదు. ఇరుసు బేరింగులకు గ్రీజు ఉంది. మనుషులు కూర్చునే తొట్లు వేలాడే పిన్నులకు క్లిప్పులు ఉన్నాయి. తొట్టికి అడ్డంగా వేసే ఇనుప కమ్మీ ఒక్కటే నచ్చలేదు. పెద్దవాళ్లు పట్టుకోవడానికి తప్ప, చిన్నపిల్ల జారకుండా ఆపడానికి అది చాలదు. మేనకోడలికి అప్పటికి ఇంకా మూడేళ్లు నిండలేదు. అక్కతో ఆ మాట అంటే, ఒళ్లో బిగించి పట్టుకుంటానంది.

నా తనిఖీకి అందనిది మనుషులు ఎక్కే వరస.

ఆ చక్రం మనుషుల బరువుతోనే మనుషుల్ని మోస్తుంది. ఇటు ఒక తొట్టిలో ఎవరైనా కూర్చుంటే, సరిగ్గా ఎదురుగా ఉన్న తొట్టిలోనూ దాదాపు అంత బరువుండాలి. ఇది దిగుతూ దాన్ని లేపుతుంది. ఇంజను చేయాల్సింది చాలా తక్కువ. అందుకే ఒక తొట్టి నింపి, చక్రాన్ని సగం తిప్పి, ఎదుటిది నింపుతారు. తెలియనివాళ్లకు అది మనుషుల్ని విడదీసి కూర్చోబెట్టడంలా ఉంటుంది.

మావాళ్లకూ అలాగే అనిపించింది. ఎండ ఇంకా పోలేదు, వేరే జనం లేరు. అక్కనూ పాపనూ ఎక్కించి, బ్రేకు దగ్గరి మనిషి చక్రం తిప్పబోతుంటే బావ మేనత్త అడ్డుపడింది.

"ఒకింటోళ్లం కలిసొచ్చినాం. నీ సక్రం కోసం ఏరుపడిపోమంటావేటి బాబూ?"

అందరూ నవ్వారు. ఫొటోలో అందరూ పడాలంటే పక్కపక్కనే ఉండాలని బావ కూడా పట్టుపట్టాడు. నేను బరువుల సంగతి ఎత్తాను.

"ఇంజినీరు బాబుకి బయమేస్తంది. నువ్వు కిందుండి మాకు దిష్టి తియ్యి బామ్మర్దీ," అన్నాడు బావ.

బ్రేకు మనిషి కాసేపు వాదించి వదిలేశాడు. అక్కా పాపా ఉన్న తొట్టికి అటూ ఇటూ మావాళ్లే ఎక్కారు, నేను కింద ఉండిపోయాను. మిగతా సగం చక్రం ఖాళీగా ఊగుతోంది.

మొదటి చుట్టులోనే తేడా తెలిసింది. మావాళ్లు పైకి వెళ్తున్నంతసేపూ ఇంజను మూలుగుతోంది, దిగేటప్పుడు చక్రం దాన్ని మించి పరిగెడుతోంది. ఆపమని అరిచాను. ఆ మనిషి అప్పటికే బ్రేకు మీద వంగి ఉన్నాడు. అక్క తొట్టి దాదాపు పైకి చేరుతుండగా బెల్టు పుల్లీ మీంచి జారిపోయింది. చక్రం ఒక్క క్షణం నిలిచింది. తర్వాత వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

ఇక అది చక్రం కాదు, గడియారం లోలకం. బరువున్న వైపు కిందికి దూసుకొచ్చి, నేలకు జానెడెత్తున దాటి, అవతలికి ఎక్కి, మళ్లీ వెనక్కి వస్తోంది. బ్రేకు చెక్క కాలుతున్న వాసన వస్తోంది. ప్రతి ఊపూ ముందుదానికన్నా చిన్నదవుతుంది, చివరికి మావాళ్లే కింద ఆగుతారు, లోపల కూర్చున్నంతసేపూ ఎవరికీ ఏమీ కాదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా ఆగలేకపోయాను.

చక్రం చుట్టూ ఉన్న కంచె దాటి దగ్గరికి పరిగెత్తాను. అక్క నన్ను చూసింది. తొట్టి కింద నుంచి దాటుతుండగా పాపను కమ్మీ మీదుగా బయటికి చాచింది.

"తమ్ముడా, పట్టుకోరా."

అందేంత దగ్గరలోనే ఉంది. కానీ పాపను అందుకుని నేను పక్కకు తప్పుకునేలోపు వెనకే వస్తున్న తొట్టి మా ఇద్దరినీ గుద్దేస్తుంది. అది కూడా మావాళ్లతోనే నిండి ఉంది. చేతులు వీపు వెనక పట్టుకుని వెనక్కి జరిగాను. ఇవ్వొద్దని, ఒళ్లో పెట్టుకోమని అరిచాను. వినపడిందో లేదో.

తొట్టి అవతలికి ఎక్కి తిరిగొచ్చింది. అక్క మళ్లీ చాచింది. పాప చెప్పు ఒకటి నా ముందు పడింది. పాప ఏడవడం లేదు. నేను ఊరొచ్చినప్పుడల్లా ఎత్తుకోమని ఎలా చేతులు చాస్తుందో, అలాగే చాచింది. నేను కదల్లేదు. ఆ తర్వాతి ఊపులో అక్క నా వైపు చూడలేదు. పాపను లోపలికి లాక్కుని, మీద వంగిపోయింది.

చక్రం ఆగాక అందరూ నెమ్మదిగా దిగారు. మేనత్త మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. బావ పాప చెప్పు కోసం వెతుకుతున్నాడు. ఎప్పుడు తీశానో గానీ, అది నా చేతిలోనే ఉందని ఇద్దరం చాలాసేపు గమనించలేదు.

గట్టు మీద ఇంటికి నడుస్తుంటే అక్క అడిగింది.

"సేతులెందుకు ఎనక్కి ఎట్టేసావురా?"

వెనక తొట్టి గురించి చెప్పాను. మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

"నిజమే అయ్యుంటాది. నాకు మాత్రం ఆ సేతులే కనపడతన్నాయి," అంది.

ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకపోతే ఆ చేతులు ముందుకు వెళ్లిపోయేవని ఆమెకు చెప్పలేదు.

పాప ఇప్పటికీ నన్ను చూడగానే చేతులు చాచి పరిగెత్తుకొస్తుంది. ఎత్తుకునేముందు నేను తన వెనక్కి చూస్తాను, ఏదైనా వస్తోందేమోనని.