పంజరం తలుపు తీసింది నేనే

మా చిన్నప్పుడు... సూర్యాపేట ఇంటి వరండాలో నిలువుగా సగానికి కోసిన నీలం డ్రమ్ము ఒకటి ఉండేది. అందులో ఎలుకల్లాంటి పెంపుడు ప్రాణులు, మూడు హామ్‌స్టర్లు కాపురం చేసేవి. పొట్టి రకం... ఒక్కోటి పెద్ద నిమ్మకాయంత.

నాన్నకు మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. రాగి తీగ కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు, నా పోరు పడలేక తెచ్చాడు. మూడూ ఆడవే, ఒక్క కాన్పులో పుట్టినవి. వాటిని అమ్మినతను చెప్పినట్టే మూడు గిన్నెలు, మూడు చక్రాలు, దాక్కోవడానికి మూడు కొబ్బరి చిప్పలు పెట్టాం... దేనికోసమూ కొట్లాడుకోకుండా. అయినా మూడూ ఒకే చిప్పలో, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి.

"ఎలుకలను ఎల్లగొట్టేటోళ్లను సూసిన గానీ, సజ్జలు పోసి సాకేటోన్ని నిన్నే సూస్తున్న కొడుకా," అనేది నానమ్మ నాన్నతో.

ఒక్కటే లోటు... ఎంత పిలిచినా అవి నా చేతి మీదికి వచ్చేవి కావు.

ఆ వేసవి సెలవులకు కోదాడ నుంచి మా చిన్నమ్మ కూతురు లావణ్య వచ్చింది. నాకు పదకొండేళ్లు, దానికి పది. బస్సులో దారంతా ఒళ్లో చిన్న పంజరం పెట్టుకొని వచ్చింది. అందులో ఒంటరిగా ఒక హామ్‌స్టర్. పేరు బెల్లం. లావణ్య అరచెయ్యి చాపితే చాలు... ఎక్కి కూర్చొని, పొద్దుతిరుగుడు గింజ ఒలుచుకొని తినేది.

నాకు కుళ్లు పుట్టింది. ఇన్నేళ్లకు ఆ మాట రాస్తున్నాను... అది కుళ్లే.

"దీన్ని గూడ డ్రమ్ముల వేద్దాం. నాలుగు కలిసుంటయ్," అన్నాను.

"వద్దక్కా. దానికి వాళ్లెవరో తెలీదుగా," అంది లావణ్య.

నాన్న విన్నాడు. "ఆ మూడు ఒక్క తల్లి పిల్లలు బిడ్డా, పుట్టిన కాడి నుంచి కలిసే ఉన్నయి. కొత్తది పోతే బతకనియ్యవు. దాని పంజరం దానికి ఉండనియ్యి," అన్నాడు.

మరునాడు పొద్దున లావణ్య తలస్నానానికి వెళ్లింది. పంజరం డ్రమ్ము పక్కనే స్టూల్ మీద ఉంది. నేను తలుపు తీసి, బెల్లాన్ని గుడ్డతో పట్టుకొని డ్రమ్ములో వదిలాను. నా డ్రమ్ములో ఉంటే నాది కూడా అవుతుందనుకున్నాను...

కాసేపు వాసన చూసుకున్నాయి. ఏమీ కాలేదు. నాన్నకేం తెలుసు అనుకొని, అమ్మ పిలిస్తే మామిడిపండు తినడానికి లోపలికి వెళ్లాను.

కీచుమన్న చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి, మూడూ కలిసి దాన్ని మూలకు తరిమేశాయి. చెవి చీలింది. పొట్ట కింద రక్తం.

దాన్ని తీసి గుడ్డలో పెట్టాను. పంజరం తలుపు మాత్రం వేయలేదు... కావాలనే వేయలేదు.

"తలుపు ఎవరు తీసిండ్రు?" అన్నాడు నాన్న.

"పొద్దున గింజలేసి లావణ్యనే తలుపు పెట్టలే. అది దుంకి డ్రమ్ముల పడ్డది. నేనే బయటికి తీసిన."

లావణ్య తడిజుట్టుతో అక్కడే నిలబడి ఉంది. "వేశాననే అనుకున్నా పెద్దనాన్నా..." అంది. అంతే. నన్ను అనుమానించలేదు. తనను తానే అనుమానించుకుంది.

పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. గొర్రెలను తోలుకొచ్చిన వాళ్లు పక్కకు జరిగి మమ్మల్ని ముందు పంపారు. డాక్టరు దూదితో మందు రాసి, "చిన్న పానం... చూద్దాం," అన్నారు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా లావణ్య పంజరం గొళ్లాన్ని వేలితో నొక్కి పట్టుకునే ఉంది.

తెల్లారేసరికి బెల్లం ప్రాణం పోయింది.

సెలవులు ఇంకా మిగిలే ఉన్నా, లావణ్య ఇంటికి పోతానంది. నాన్న బస్సు దాకా తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, "నీవి జాగ్రత్తక్కా... నాలాగా మర్చిపోకు," అంది.

డ్రమ్ములో కూడా మునుపటిలా లేదు. కొత్త వాసన తగిలినందుకో ఏమో, ఆ మూడూ ఒకదాన్నొకటి తరమడం మొదలుపెట్టాయి... రక్తం వచ్చేదాకా. నాన్న మూడు టబ్బులు తెచ్చి విడదీశాడు. బతికినన్నాళ్లూ పక్కపక్కనే, వేరువేరుగా ఉన్నాయి.

పోయిన నెల మిర్యాలగూడ వెళ్లాను. లావణ్య అక్కడే టీచర్. దాని మూడేళ్ల కూతురు కుందేలు కావాలని మారాం చేస్తోంది.

"వద్దు తల్లీ, అమ్మకు తలుపులు వేయడం గుర్తుండదు," అంది లావణ్య నవ్వుతూ.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. పదహారేళ్లుగా ఆ తలుపు వేయనిది తానేనని నమ్ముతూనే ఉంది...

పాప పక్కింటికి ఆడుకోవడానికి వెళ్లాక చెప్పేశాను. "ఆ పొద్దు తలుపు తీసింది నేనే లావణ్యా. డ్రమ్ముల వేసింది గూడ నేనే."

లావణ్య లేచింది. గ్లాసులు తీసుకొని వంటింట్లోకి వెళ్లి కడిగింది. చాలాసేపు కడిగింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఊరెళ్లాలంటే తాళం వేశానా లేదా అని ఇప్పటికీ మూడుసార్లు వెనక్కొచ్చి చూస్తానక్కా... అప్పుడే చెప్పుంటే రెండ్రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు. అంతేగా."

ఇరవై రోజులైంది. నా మెసేజ్‌లు చూస్తోంది, జవాబు ఇవ్వడం లేదు. తొందరపెట్టను... ఆ హక్కు నాకు లేదు.

చిన్నప్పుడు ఎంత కొట్లాడుకున్నా సాయంత్రానికల్లా ఒకే కంచంలో తినేవాళ్లం... ఇప్పుడు ఒక్క మాట కోసం ఎన్నాళ్లు చూడాలో తెలియదు. మీరూ ఎప్పుడైనా మీ తప్పును ఇంకొకరి మీద వేసి ఉంటే ఇక్కడ రాయండి... కాదు, ముందు వాళ్లకు చెప్పండి. ఇక్కడ తర్వాత రాద్దురు గానీ.