కృపామణి వేసిన టాన్ ఇన్‌వర్స్ లెక్క

నరసరావుపేటలో ఆడపిల్లల బడి టీచరు కృపామణికి ఇరవై నాలుగేళ్లు నిండినా పెళ్లి కుదరలేదంటే కారణం రూపం కాదు, గుణం కాదు, ఒక లెక్క. చూపులకు వచ్చినవాళ్లు పిల్లకు చదువు వచ్చో రాదో తేల్చుకోవడానికి బైబిల్లో ఒక కీర్తన చదివించడం ఆ క్రైస్తవ ఇళ్లల్లో ఆనవాయితీ. కృపామణి తడుముకోకుండా చదివేది. చదివి, బైబిలు మూసి, పలక తీసేది. ఇక అబ్బాయిగారి వంతు అనేది.

మాచర్ల కంట్రాక్టరు కొడుకు పలక చూడగానే తలనొప్పని లేచిపోయాడు. రాజుపాలెం బి.ఏ. గారు లెక్క తప్పి, ఆ తప్పు చూపించినందుకు పిల్లకు పొగరని ఊరూరా చాటాడు.

"ఏమే, నీకు మొగుడు కావాలా, పరీక్ష పాసయ్యేవోడు కావాలా?" అని తల్లి ఆదెమ్మ నిలదీసింది.

కృపామణి అసలు భయం వేరు. అక్క మొగుడు తప్పని తెలిసినా మాట వెనక్కి తీసుకోడు. ఆ ఇంట్లో అక్క నోరు విప్పడమే మానేసింది. అలాంటి కొంపలో తాను బతకడం కల్ల. లెక్క రాకపోయినా ఫర్వాలేదు, తప్పితే మనిషి ఏం చేస్తాడో చూడాలి.

1946 వానాకాలంలో దేవసహాయం అనే అబ్బాయిని సంఘ పెద్ద పేతురు చూపులకు తీసుకొచ్చాడు. గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. ఈసారి పిల్ల ఆట కట్టని పేతురు దారంతా మురిసిపోయాడు.

టాన్ విలువ రెండైన కోణం, మూడైన కోణం, ఈ రెండూ కలిపితే ఎంతని ఆమె పలక మీద టాన్ ఇన్‌వర్స్ లెక్క రాసింది. దేవసహాయం మనసులోనే సూత్రం వేశాడు. పైన రెండూ మూడూ ఐదు. కింద ఒకటిలోంచి రెండు మూళ్లు ఆరు పోతే మైనస్ ఐదు. భాగిస్తే మైనస్ ఒకటి. టాన్ ఒకటైతే కోణం నలభై అయిదు.

"మైనస్ నలభై అయిదు డిగ్రీలు," అని దర్జాగా కాఫీ అందుకున్నాడు.

"రెండు కోణాలూ అరవై దాటినయ్యేనండీ," అంది కృపామణి మెల్లగా. "బండికి రెండు బస్తాలెత్తి, ఉన్నదాంట్లో ఒకటి తగ్గిందంటారేంది?"

దేవసహాయం చెవులు ఎర్రబడ్డాయి. ఇదీ చెడిందనుకుని ఆదెమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది. అతను పలక ఒళ్లోకి లాక్కుని కోణాలు గీసి చూశాడు. నూట ముప్పై అయిదుకూ టాన్ మైనస్ ఒకటే. సూత్రం సరిగ్గానే చెప్పింది, ఏ కోణమో తనే చూసుకోలేదు. లెక్కలదేముంది, మంచిరోజు చూద్దామని పేతురు సర్దబోయాడు గానీ అతనికి వినపడితేనా.

"నూట ముప్పై అయిదు," అన్నాడు దిగులుగా. "చానా పొరపాటైందండీ. పోయిన వారం క్లాసులో కూడా ఇదే లెక్కకి మైనస్ నలభై అయిదనే చెప్పా. పిల్లలంతా అదే రాసుకున్నారు. సోమవారం పోయి తప్పు నాదేనని చెప్పాలి. ఇది వాళ్లకి తేలిగ్గా ఎట్లా చెప్పేది?"

కృపామణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఎదురుచూసిన జవాబు అదే.

"కొంచెం జరగండి, ఇద్దరం చూద్దాం," అని వెళ్లి అతని పక్కనే చాప మీద కూర్చుంది.

ఆదెమ్మ ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసి, గబుక్కున మళ్లీ మూసుకుంది.