సమరయ స్త్రీ కండ్లు

దయ్యాలుండాయంటే నేను ఎప్పుడూ నమ్మినదాన్ని కాదు. మా నాయన సమాధుల తోటకు కావిలి. నేను ఆ సమాధుల మధ్యనే ఆడుకోని పెరిగినా. నాకు రాత సరిగా రాదు, నేను చెప్తాంటే మా చెల్లెలి కూతురు రాస్తాంది.

జమ్మలమడుగు పక్కన మా ఊరి పాత చర్చిలో ఒక పెద్ద పటం ఉంది. బావి కాడ ఏసుప్రభువు, ఎదురుగా కడవతో సమరయ స్త్రీ. ఆమెకు మొగం లేకుండె.

దాన్ని గీసింది ఒక తెల్లదొర. రాణీగారి కాలంలో లండన్లో పెద్ద బొమ్మల బడిలో చదివి, గొప్పోళ్ళ మొగాలు గీసి పతకాలు తెచ్చుకున్నాడంట. ఆమీట జనం కొత్త రకం బొమ్మల ఎనక పడి ఆయన్ను పిలిచేది మానుకున్నారు. ఆయనక్క ఈడ నర్సమ్మగా ఉంటే ఆమె కాడికొచ్చి ఈ పటం మొదలుపెట్టినాడు. మనిషి ఎదురుగా కూచుంటేనే గీసేటోడంట. సమరయ స్త్రీ కోసరం కూచునే మా ఊరామె వాంతిబేదులొచ్చి చచ్చిపోయింది. ఇంకొకరిని కూచోబెట్టుకోల్యా. మొగం అట్లే వదిలేసి లండన్ పోయి, ఎవురికీ పట్టకుండా పోయినాడంట.

శానా ఏండ్లకు పాస్టరయ్య ఆ మొగం మా ఆయనకు అప్పజెప్పినాడు. మా ఆయన పోయినోళ్ళ ఫోటోలు చూసి పటాలు గీసేటోడు. దీనికి మాత్రం "దొర మాదిరే గీస్తా" అని నన్ను ఎదురుగా కూచోబెట్టినాడు. పటం దింపి చర్చి పక్క గదిలో పెట్టినారు. నేను కొంచెం అటూ ఇటూ అయితే చాలు, "కదలాకు మే, దొర కోప్పడతాడు" అని నవ్వేటోడు.

ఎవురి పటమైనా కండ్లు కడాకు పెట్టేది ఆయన పద్ధతి. కండ్లు తప్ప మొగమంతా అయినాక గదికి బీగమేసి, బీగంచెవి నాకిచ్చి, రంగుల కోసరం పొద్దుటూరు పోయినాడు. ఆడ బస్టాండులోనే గుండె ఆగిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. పెట్టె మూసేటప్పుడూ రాలేదు. గోడను చూసినట్టు చూస్తాంటి.

"ఏంది వదినా, మా అన్న కోసరం ఒక్క బొట్టు గూడా లేదా నీ కాడ? రాయివా?" అని మా ఆడబిడ్డ అందరి ముందరా అనె.

మన్ను చేసినాక ఆయన కుంచెలు తెచ్చుకుందామని ఆ గదికి పోతి. ఆడబిడ్డ గూడా వచ్చె. బీగంచెవి అన్నాళ్ళూ నా కొంగు ముడిలోనే ఉంది. ఇంకొకటి లేదని పాస్టరయ్య గూడా చెప్పినాడు. కిటికీకి లోపల గడె ఏసే ఉంది.

పటానికి కండ్లు ఉండాయి.

ఎర్రగా, రెప్పలు ఉబ్బి, శానాసేపు ఏడ్చి అప్పుడే ఆపుకున్న కండ్లు. ఏలు పెడితే రంగు పచ్చిగా అంటుకునె.

"ఇవి నీ కండ్లే గదా వదినా" అంటా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకునె. ఆమే ఏడ్చింది. నేను నిలబడి చూస్తాంటి.

మా ఆయన ముందర నేను ఎప్పుడూ ఏడ్చింది లేదు. ఆయన పోయినాక గూడా ఈపొద్దుటి వరకూ ఏడ్వలేదు. ఎవురు గీసినారో పోనీ. ఎవురిని ఎదురుగా కూచోబెట్టుకోని గీసినారో, అది నాకు ఇంకా అంతుపట్టలేదు.