పెద్దమ్మ కత్తికి నోరొచ్చింది

మా వీధి చివర తాళాలూ గొడుగులూ బాగుచేసే ఆయన్ని అందరూ తాళాల బాబాయి అంటారు. ఏ పని పట్టినా ముందు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. విప్పిన ముక్కల్ని విప్పిన వరసలోనే తెల్లగుడ్డ మీద పేరుస్తాడు.

"విప్పడం ఎవడైనా విప్పుతాడు. బిగించేటప్పుడే మన బండారం బయటపడేది" అంటాడు.

ఒకరోజు పొద్దున మొక్కల తోటలో అంట్లు కట్టే పెద్దమ్మ, కోడలి భుజం పట్టుకుని వచ్చింది. ఆమెకు చూపు బాగా మందగించింది. చేతిలో ఏనాటిదో మడత కత్తి. తెరవగానే బ్లేడు టక్కుమని బిగుసుకోవాలి, పిడి వెనక మీట నొక్కితేనే మడతపడాలి. లోపలి స్ప్రింగు విరిగి, ఇప్పుడది వదులుగా ఊగుతోంది.

"కొత్తది కొంటానంటే వినరు బాబాయ్" అంది కోడలు.

"కొత్తదానికి ఇంత గొంతెక్కడిదే? బిగిసిందో లేదో నా కంటికి ఆనదు. టక్కుమంటేనే నా వేళ్లు క్షేమం. ఎల్లుండి నుంచి అంట్లు కట్టే పని. ఇది కుదరకపోతే కుండీలకు నీళ్లు పోసుకోమంటారు నన్ను!"

బాబాయి రివెట్ల తలలు అరగదీసి పిడి విప్పాడు. విరిగిన స్ప్రింగు కింద గోరంత రేకుముక్క కనబడింది. ఒక పక్క ఎర్రరంగు చారిక. కత్తితో పుట్టింది కాదు. ఎవరి అతుకుపనో అనుకుని కింద పారేశాడు. ఆయన వరసలో పెట్టని ముక్క అదొక్కటే.

పాత గడియారం స్ప్రింగును కొలతకు కోసి, వంపు తిప్పి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. మళ్లీ సన్నమంట మీద నీలం రంగు తిరిగేదాకా కాచాడు. నీలం రాకముందే దించితే పెళుసు, దాటిపోతే మెత్తన. మేకులు తాత్కాలికంగా గుచ్చి పెద్దమ్మకిచ్చాడు.

కత్తి గట్టిగానే బిగిసింది. చెవి దగ్గర పెట్టుకుని తెరిచిన పెద్దమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"దీనికి నోరు లేదు నాయనా."

బాబాయికి తను పారేసిన రేకుముక్క గుర్తొచ్చింది. అయస్కాంతంతో నేలంతా వెతికి దాన్ని పట్టుకున్నాడు. "ఇదేమిటో తెలుసా పెద్దమ్మా?"

వేళ్లతో తడిమి ఆమె నవ్వేసింది. "నేను దూర్చిందే! చూపు తగ్గినప్పుడు డబ్బామూత కత్తిరించి సందులో పెట్టా. అప్పట్నుంచి గట్టిగా అరిచేది."

"అత్తయ్యా! కత్తి ఎవరో విరిచారని నాలుగు రోజులుగా తోటంతా తిట్టారు కదా!"

"మరి చెబితే నువ్వు తిట్టవూ?"

స్ప్రింగును మరీ వంచి విరిచింది ఆ రేకే. పెడితే మళ్లీ విరుగుతుంది, మానేస్తే వినబడదు. బాబాయి ఇంకాస్త మందమైన స్ప్రింగు ముక్క తీసి, వంపు కొంచెం పెంచి మళ్లీ కాల్చాడు. ఆమె చెవి ఒగ్గినప్పుడల్లా పక్క కొట్టు దర్జీ, ఎవరూ అడక్కుండానే, మిషన్ ఆపేవాడు. దేవుడు మనుషులకిచ్చిన మంచితనం ఇలాంటి చోటే కనబడుతుంది నాకు.

రెండోదీ చాల్లేదు. మూడో స్ప్రింగుకు టక్!

కోడలు ఉలిక్కిపడింది. పెద్దమ్మ వరసగా నాలుగుసార్లు తెరిచి మూసి, సంచిలోంచి పుల్ల తీసి ఏటవాలుగా ఒక్క కోత కోసింది. కోసిన చోటు బొటనవేలితో నిమిరి, "ఇక మేకులు బిగించెయ్" అంది.

బిగించాక బాబాయి కత్తి ఇచ్చాడు, రేకుముక్క మాత్రం జేబులో వేసుకున్నాడు.

"అది నాది!" అంది పెద్దమ్మ.

"తెలుసు. అందుకే నా దగ్గరుంచుకుంటున్నా."