రుమాలు పక్కన పట్టాను

పోయిన నెలలో మా చెల్లెలి కూతురి గృహప్రవేశానికి గన్నవరం నుంచి బెంగుళూరు విమానంలో వెళ్ళాను. కిటికీ సీటు నాది. పక్క సీట్లో మైలవరం వైపు మామిడికాయల వ్యాపారి. ఆయనకది మొదటి విమాన ప్రయాణమట. ఎక్కిన దగ్గర్నుంచీ నా మీదుగా వంగి రెక్కనే చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక గొంతు తగ్గించి, "ఏవండీ మాస్టారూ, ఆ రెక్క చివర పైకి వంగిపోయిందేంటండీ? ఎక్కడన్నా గుద్దాడంటారా?" అని అడిగాడు. నేను మాస్టారినని ఆయనకెవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడి మొహం చూస్తే తెలిసిపోతుంది కాబోలు. అడగడమే చాలని అందుకున్నాను. "గుద్దలేదండీ, కావాలనే అలా వంచారు. విమానం ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోవాలని గాలి చూస్తుంది. మధ్యలో రెక్క అడ్డం కాబట్టి పోలేదు. చివరికొచ్చేసరికి అడ్డు ఉండదుగా, అంచు చుట్టూ తిరిగి పైకెక్కి సుడి తిరుగుతుంది. విమానం పోయినంత దూరం రెండు రెక్కల చివర్ల నుంచీ ఆ సుళ్ళు వెనకాల సాగుతూనే ఉంటాయి. వాటిని తిప్పే శక్తి ఎక్కడిది? ఇంజనుదే. అంటే ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టే. చివర ఇలా వంచితే గాలి అంచు దాటడం కష్టమవుతుంది, సుడి బలం తగ్గుతుంది, వెనక్కి లాగడమూ తగ్గుతుంది. అంతే దూరం తక్కువ ఆయిలుతో పోవచ్చు." ఆయన శ్రద్ధగా విని తల ఊపి, "అంటే పక్కకి కారిపోయే గాలిని ఆపుతున్నారన్నమాట" అన్నాడు.

ఆ మాటకి నేను తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. దాదాపు అవే మాటలు నలభై ఏళ్ళ కిందట జగ్గయ్యపేటలో ఒక మనిషి నాతో అన్నాడు. ఆయన ఫిజిక్సు చదవలేదు, విమానాన్ని ఆకాశంలో తప్ప చూడలేదు. నేను ఎమ్మెస్సీ చదివి, ఆయన్ని ఊరి జనం ముందు నవ్వులపాలు చేశాను. బెంగుళూరులో దిగేదాకా ఆ రెక్క వైపు చూడడానికి నాకు మొహం చెల్లలేదు. వ్యాపారి మాత్రం నాకు చెవులు పట్టేశాయనుకుని పాపం ఒక పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు.

నా మొదటి ఉద్యోగం జగ్గయ్యపేట జూనియర్ కాలేజీలో. నేను అద్దెకున్న గదికి ఆనుకునే ఒక వెల్డింగు షాపు ఉండేది. రేకుల షెడ్డు, దాని వెనకే వాళ్ళ ఇల్లు. షాపాయన ముస్లిం. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడేమో. మా ఇంటి ఓనరు 'బాబాయ్' అని పిలుస్తుంటే నేనూ అదే పిలుపు పట్టుకున్నాను, ఆయన భార్యని పిన్ని అన్నాను. ఆయన మాత్రం నన్ను 'మాస్టారూ' అనీ 'మీరు' అనీ తప్ప ఏనాడూ అనలేదు. హోటలు భోజనం పడక నేను చిక్కిపోతున్నానని పిన్ని పొద్దున్నే గోడ మీంచి పళ్ళెం అందించేది. నేనో, కొత్తగా లెక్చరరైన పొగరుతో కనపడినవాళ్ళకల్లా పాఠం చెప్పేవాణ్ణి. దోసె పెనానికి ఎందుకంటుకుంటుందో ఒకరోజు పావుగంట సేపు పిన్నికి వివరించాను. ఆవిడ "అట్నా నాయనా" అంటూ ఓపిగ్గా విని, ఉల్లిపాయ ముక్కతో పెనం రుద్ది దోసె పోసి, అంటకుండా తీసి నా పళ్ళెంలో వేసింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

కల్లాల్లో ట్రాక్టరు బెల్టుతో తిరిగే ఫ్యాన్లు కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు వడ్లు తూర్పారబట్టాలంటే గాలి ఎప్పుడు వీస్తుందా అని కూర్చోవాల్సిందే. బాబాయి ఇనప స్టాండుకి రేకు రెక్కలు బిగించి ఆ ఫ్యాన్లు చేసేవాడు. అందరూ చేసేవే ఆయనా చేశాడు, కానీ అందరిలా చేసి ఊరుకోలేదు. ఫ్యాను ముందు చాటతో వడ్లు పోసే ఆడవాళ్ళ పక్కన నిలబడి పూటలు పూటలు చూసేవాడు. గాలి ఎదురుగా పోయి తాలుని కొట్టాలి. కొంత గాలి మాత్రం రెక్కల చివర్ల దగ్గర పక్కలకి చిమ్మి, నేల మీది దుమ్ము రేపి, వాళ్ళ కళ్ళలోనే కొడుతోంది. ఒక సాయంత్రం నన్ను షెడ్డులోకి పిలిచి, పొడుగాటి పుల్లకి దూదిపింజ అంటించి తిరుగుతున్న ఫ్యాను పక్కన పట్టుకున్నాడు. "చూడండి మాస్టారూ, ఈ దూది ముందుకి పోకుండా అంచు చుట్టూ ఎట్లా మెలి తిరిగి వెనక్కొస్తుందో. ఇక్కడ గాలంతా పక్కకి కారిపోతుందండి. ఈ చివర రెండు వేళ్ళ మందాన మడిచి నిలబెడితే ఆగుద్దేమో గదా?" అన్నాడు. నేను పేపర్లు దిద్దుకోవాలన్న తొందరలో ఉన్నాను. "చూద్దాం బాబాయ్" అని వచ్చేశాను.

ఆయన చూస్తూ ఊరుకోలేదు. రెండు నెలలు కిందామీదా పడి, ప్రతి రెక్క చివరా మడిచి ఒక ఫ్యాను తయారుచేశాడు. వత్సవాయిలో ఒక పెద్దరైతు దాన్ని చూసి, పనికొస్తుందని తేలితే తమ ఊళ్ళో పదిమంది రైతులకీ ఇలాంటివే చేయించుకుంటామన్నాడు. తేల్చేదెవరు? మా వైపు పద్ధతేమిటంటే, ఏదైనా ఎటూ తెగకపోతే ఒక చదువుకున్న మనిషిని తీసుకొచ్చి పదిమందిలో కుర్చీ వేసి అడుగుతారు. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు, మళ్ళీ ఎవరూ ఎత్తరు. బాబాయి నా పేరే చెప్పాడు. కిటికీ ఊచలూ గేట్లూ అతికి అతికి విసిగిపోయిన మనిషి. ఇది నిలబడితే ఇంక ఫ్యాన్లే చేసుకుంటానని పిన్నితో అంటుంటే గోడకి ఇవతల నుంచి నేను విన్నాను కూడా.

ఆదివారం పొద్దున తన మోటారు సైకిలు మీద నన్ను కూర్చోబెట్టుకుని వత్సవాయి తీసుకెళ్ళాడు. కల్లంలో కుర్చీ వేశారు, గోలీసోడా ఇచ్చారు. ముప్పై మందికి పైగా చేరారు. నాకు లోపల చెప్పలేనంత సంబరంగా ఉంది. పాత ఫ్యాను ఒకటి, బాబాయి ఫ్యాను ఒకటి. నేను లేచి, జేబులోంచి రుమాలు తీసి, పాత ఫ్యాను పక్కన నిలబడి రెక్కల అంచుకి కాస్త ఎడంగా పట్టుకున్నాను. టపటపా కొట్టుకుంది. కొత్త ఫ్యాను పక్కన అలాగే పట్టుకున్నాను. వేలాడింది. ఇంక నేను ఆలోచించలేదు. "చూశారుగా, గాలి చచ్చిపోయింది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చూపు నా మీదే ఉన్న జనం కనపడేసరికి నోరు ఆగలేదు. "విమానం రెక్క ఎప్పుడైనా చూశారా? చివరిదాకా చదునుగా ఉంటుంది. మడతలు పెడితే ఇంకా బాగా ఎగిరేదైతే వాటిని చేసిన ఇంజనీర్లకి తెలియదా? మన బాబాయికే తెలిసిందా?" అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. వడ్లు పోస్తున్న ఒక ముసలావిడ మాత్రం చాట దించి, "అదేమోనయ్యా, దీని పక్కన నిలబడితే మాత్రం కళ్ళల్లో దుమ్ము పడలా" అంది. సాక్ష్యం అంతకన్నా ఏం కావాలి? పక్కకి పోని గాలి ఎటు పోయిందని నేను అడగాలి. రుమాలు తీసుకెళ్ళి ఎదురుగా పట్టుకోవాలి, నాలుగడుగుల పని. "గాలి లేకపోతే దుమ్మెలా లేస్తుందమ్మా!" అని ఆవిణ్ణి కూడా నవ్వించబోయాను. ఆవిడ నవ్వలేదు.

బాబాయి "మీరు చెప్పాక ఇంకేముందండీ" అని ఫ్యాను రెక్కలు విప్పి బండికి కట్టుకున్నాడు. తిరుగు దారంతా ఆయన వెనక కూర్చుని, గాలి గురించి నాకు తెలిసిందంతా చెబుతూనే వచ్చాను. మర్నాడు పొద్దున పళ్ళెం అందుకుంటుంటే షెడ్డులోంచి రేకు కత్తెర చప్పుడు వినిపించింది. మడిచిన చివర్లు కత్తిరిస్తున్నాడు. ఆ తర్వాత ఆయన ఫ్యాన్లు చేయడమే మానేశాడు. మళ్ళీ ఊచలు, గేట్లు. పిన్ని పళ్ళెం మాత్రం ఏ రోజూ ఆగలేదు.

నాకు నందిగామ కాలేజీకి బదిలీ అయ్యింది. కొన్నేళ్ళకి విజయవాడలో లెక్చరర్లకి ఏదో శిక్షణ పెడితే వెళ్ళాను. అక్కడ పాఠం చెప్పినాయన చివర్లు పైకి వంగిన విమానం రెక్క బొమ్మ చూపించి, అంచు దగ్గర సుడి గీసి, ఇప్పుడు విమానాలకి ఇలా చేస్తున్నారని చెప్పాడు.  ఆ సాయంత్రమే బస్సెక్కి జగ్గయ్యపేట పోవాల్సినవాణ్ణి. పోలేదు. రేపు, వచ్చే ఆదివారం, పరీక్షలయ్యాక అనుకుంటూ నెట్టుకొచ్చాను. ఏదో పనిమీద పేట వెళ్ళినప్పుడు బస్సు ఆ షాపు ముందు నుంచే పోయేది. నేను అవతలి కిటికీ వైపు తల తిప్పుకునేవాణ్ణి. ఇంతకంటే పాడుపని ఇంకోటి చేశాను, అదీ చెప్పేస్తాను. ఆ దూదిపింజ ప్రయోగాన్ని ఏటా నా క్లాసులో చేసి చూపించేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. "ఇది మీరే కనిపెట్టారా సార్?" అని ఒకసారి ఒకమ్మాయి అడిగితే, కాదనకుండా చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

బెంగుళూరు నుంచి వచ్చిన మూడోరోజు నందిగామలో బస్సెక్కి పేటలో దిగాను. షాపు బాబాయి అల్లుడు నడుపుతున్నాడు. పిన్ని పోయి ఆరేళ్ళయ్యిందని అతనే చెప్పాడు. బాబాయి షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. 'బాబాయ్' అన్న నా గొంతు వినగానే, "మాస్టారే! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! నీరసంగా ఉన్నారేంటండీ, తిన్నారా?" అన్నాడు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి, "బాబాయ్, ఆ రోజు వత్సవాయిలో నేను చెప్పింది తప్పు. మీ ఫ్యానే కరెక్టు. విమానాలకి కూడా ఇప్పుడు మీరు చేసినట్టే చేస్తున్నారు" అన్నాను. 

"నాకు తెలుసుగదండీ" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. మీరు రుమాలు పక్కన పట్టారు. ఎదురుగా పట్టుంటే చేతిలోంచి ఎగిరిపోయేది."

"మరి చెప్పలేదేం బాబాయ్?"

"మిమ్మల్ని తీసుకొచ్చింది నేనే గదా. పిలుచుకొచ్చిన మనిషిని అంతమందిలో తప్పని ఎట్లా అంటానండీ? దారిలో చెబుదామనుకున్నా." నవ్వాడు. "దారంతా మీరు మాట్లాడతానే ఉన్నారు."

తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయన మోకాళ్ళు పట్టుకుని, "పదండి బాబాయ్, ఇప్పుడే ఆటో మాట్లాడతాను. వత్సవాయి పోదాం. ఏ నోటితో అన్నానో ఆ నోటితోనే అందరి ముందూ చెబుతాను" అన్నాను. ఆయన నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుని, ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంటూ చెప్పాడు. పెద్దరైతు పోయాడు. ట్రాక్టరు తోలినాయన పోయాడు. దుమ్ము పడలేదన్న ముసలావిడ ఆ మరుసటేడే పోయింది. మిగిలినవాళ్ళలో కొందరు పొలాలమ్ముకుని ఎటో వెళ్ళారు, వాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. "ఎవరికి చెబుతారు మాస్టారూ?" అన్నాడు, నా మీద జాలిపడుతూ. నేను ముప్పై మంది ముందు అన్న మాటని వెనక్కి తీసుకోవడానికి నలభై ఏళ్ళు ఆగాను, కాలం ఆ ముప్పై మందినీ ఒక్కొక్కరినే దూరం చేసి, చెప్పనక్కర్లేని ఒక్క మనిషినే నా ముందు కూర్చోబెట్టింది.