ప్లైవుడ్ కొట్టిన కిటికీ

ఎనభైల చివర్లో హన్మకొండలోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. అక్కడున్న ఒక్కగానొక్క కంప్యూటర్ వేడికి ఒకసారి చెడిపోయిందని మా సారు ఏసీ పెట్టించి, చల్లదనం బయటికి పోకుండా కిటికీకి లోపలినుంచి ప్లైవుడ్ కొట్టించారు.

ఒక మే నెల మధ్యాహ్నం సారు భోజనానికి వెళ్లారు, గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. వోల్టేజీ పడిపోయి ఏసీ ఆగింది. కాసేపటికి తెరమీద అక్షరాలు వణకసాగాయి, కాలిన వాసన వచ్చింది. కంప్యూటర్ ఆపేసి తలుపు తీయబోతే పిడి ఊడి నా చేతిలోకి వచ్చింది. ఎంత బాదినా ఎవరికీ వినపడలేదు. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయింది. ఊపిరాడక, ఇక్కడే పడిపోతానేమోనని ఏడుపొచ్చింది. చివరికి ఇనుప స్టూలుతో ప్లైవుడ్ పగలగొట్టి, కింద మిర్చి బజ్జీలు వేసే సత్తెమ్మను పిలిచాను.

"అక్కా, జర పైకి రా. తలుపు వస్తలేదు, లోపల ఇరుక్కున్న."

ఆమె పరుగున వచ్చి బయటి పిడి తిప్పి తలుపు తీసింది. నన్ను మెట్లమీద కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తుండగా సారు వచ్చారు. పగిలిన ప్లైవుడ్ చూసి, "మిషన్ కరాబైందా?" అన్నారు.

"పిల్ల ఎట్లున్నదో అడుగు సారూ ముందుగాల," అంది సత్తెమ్మ.

సారు మర్నాడే తలుపు బాగుచేయించి, ఆ కిటికీకి వేడిగాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించారు. కంప్యూటర్ మళ్లీ చెడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఏ గదిలో కూర్చున్నా తలుపు కాస్త తెరిచి ఉంటేనే మనసు కుదుటపడుతుంది.